డాబా మీద సోలార్: ఆగితే లాభమా, నష్టమా?

గుంటూరు, ప్రకాశం ఊళ్లలో సోలార్ మాటెత్తితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి: 'దరఖాస్తు పెట్టాం, ఇంకా బిగించలేదు.' రెండోది: 'ఇంకా రేటు తగ్గుతుందంటున్నారు, ఆగుదాం.' మొదటివాళ్లు పెట్టి ఎదురుచూస్తున్నారు, రెండోవాళ్లు పెట్టకుండా ఎదురుచూస్తున్నారు. ఉద్యోగం కోసం చూస్తున్న మీకు ఇదంతా ఎందుకు అంటారా? ఇంట్లో ఫోన్ తీసుకుని ఆ పోర్టల్‌లో వివరాలు నింపేది చాలావరకు మీరే. గ్రూప్స్ పరీక్షలోనో, ఇంటర్వ్యూలోనో దీనిపై ప్రశ్న ఎదురయ్యేదీ మీకే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. జనం ఎక్కడ ఎదురుచూస్తూ ఆగిపోతున్నారో అక్కడే పని తెలిసిన మనిషి కొరత ఉంటుంది. కాబట్టి ఈ లెక్కను ఇంటి కోసం ఒకసారి, మీ కెరియర్ కోసం మరోసారి వేసి చూద్దాం.

పథకం ఏం ఇస్తుంది?

పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన 2024 ఫిబ్రవరి 13న మొదలైంది. అదే నెల 29న కేంద్ర మంత్రివర్గం రూ.75,021 కోట్ల వ్యయంతో ఆమోదం తెలిపింది. 2026-27 ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కోటి ఇళ్లపై సోలార్ బిగించడం లక్ష్యం. రాయితీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు రూ.18 వేలు. అంటే 1 కిలోవాట్‌కు రూ.30 వేలు, 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టుకున్నా రూ.78 వేలు. రాయితీ రావాలంటే ప్యానెళ్లు దేశీయంగా తయారైనవే కావాలి.

దీనికి తోడు బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు అదనంగా రూ.20 వేలు ఇస్తామని, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా బిగిస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. సోలార్ పరికరాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. 'ఆగితే తగ్గుతుంది' అనే మాటకు బలం వచ్చింది ఇలాంటి వాటి వల్లే. ఒకసారి తగ్గింది కాబట్టి మళ్లీ తగ్గుతుందని ఆశ. ఆ ఆశకు ఎంత ఖరీదు కడుతున్నామో మాత్రం ఎవరూ లెక్కేసుకోవడం లేదు.

ముందు బిల్లు చదవండి

సోలార్ లాభమా కాదా అన్నది మొదట మీ కరెంటు బిల్లు చెబుతుంది. మన రాష్ట్రంలో 2022-23 టారిఫ్ ప్రకారం గృహ వినియోగదారుల రేట్లు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 31-75కు రూ.3, 76-125కు రూ.4.50, 126-225కు రూ.6, 226-400కు రూ.8.75, ఆపైన రూ.9.75. ఇవి మెట్ల లాంటివి. 300 యూనిట్లు వాడిన ఇంటికీ మొదటి 30 యూనిట్లు రూ.1.90కే పడతాయి. పై మెట్టు మీదున్న యూనిట్లకే ఎక్కువ రేటు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. సోలార్ యూనిట్లు మీ వాడకాన్ని పై మెట్టు నుంచి కోసుకుంటూ వస్తాయి. ముందు రూ.8.75 యూనిట్లు పోతాయి, తర్వాత రూ.6వి, చివరికి రూ.1.90వి. అంటే ప్యానెల్ ఒకటే అయినా, మొదటి కిలోవాట్ మిగిల్చే డబ్బు వేరు, చివరి కిలోవాట్ మిగిల్చే డబ్బు వేరు.

మూడు ఇళ్లు, మూడు లెక్కలు

మన ప్రాంతంలో ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తుందనుకుందాం. ధరలు కంపెనీని, నిర్మాణాన్ని బట్టి మారతాయి. లెక్క కోసం 1 కిలోవాట్ రూ.75 వేలు, 2 కిలోవాట్లు రూ.1.40 లక్షలు, 3 కిలోవాట్లు రూ.1.95 లక్షలు అనుకుందాం. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు పక్కన పెట్టి యూనిట్ ఛార్జీలే చూద్దాం.

మొదటి ఇల్లు: నెలకు 100 యూనిట్లు. రెండు ఫ్యాన్లు, టీవీ, చిన్న ఫ్రిజ్. యూనిట్ ఛార్జీలు రూ.304.50. కిలోవాట్ సోలార్ పెడితే మొత్తం పోతుంది, ఏడాదికి రూ.3,654 మిగులు. రాయితీ పోను చేతి నుంచి పెట్టేది రూ.45 వేలు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 12 ఏళ్లకు పైనే.

రెండో ఇల్లు: నెలకు 200 యూనిట్లు. యూనిట్ ఛార్జీలు రూ.867. 2 కిలోవాట్లు పెడితే ఏడాదికి రూ.10,404 మిగులు. రాయితీ పోను రూ.80 వేలు. 7 ఏళ్ల 8 నెలల్లో తిరిగొస్తుంది. బీసీ కుటుంబమైతే అదనపు రాయితీతో పెట్టుబడి రూ.60 వేలకు దిగి, 6 ఏళ్లలోపే వస్తుంది.

మూడో ఇల్లు: నెలకు 300 యూనిట్లు. యూనిట్ ఛార్జీలు రూ.1,673. అమ్మేవాళ్లు '3 కిలోవాట్లు పెట్టండి, బిల్లు సున్నా' అంటారు. ఆగి చూడండి. 2 కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు పోయి 60 మిగులుతాయి. వాటికి పడేది రూ.147 మాత్రమే. అంటే నెలకు రూ.1,526, ఏడాదికి రూ.18,315 మిగులు. రూ.80 వేల పెట్టుబడి నాలుగున్నర ఏళ్లలోపే వచ్చేస్తుంది. మరి మూడో కిలోవాట్? దానికి రాయితీ పోను అదనంగా రూ.37 వేలు పెట్టాలి. అది మిగిల్చేది నెలకు ఆ రూ.147. తిరిగి రావడానికి 21 ఏళ్లు! 'బిల్లు సున్నా' అనే మాట వినడానికి బాగుంటుంది, ఆ సున్నా కోసం పెట్టే ఖర్చే దండగ.

అయితే ఈ ఇంట్లో వచ్చే వేసవికి ఏసీ పెట్టి వాడకం 360 యూనిట్లకు చేరితే మూడో కిలోవాట్ నెలకు సుమారు రూ.394 మిగులుస్తుంది. దాని డబ్బు 8 ఏళ్లలోపే వస్తుంది. కాబట్టి ఎన్ని కిలోవాట్లు అన్నది ఇరుగుపొరుగును చూసి తేల్చేది కాదు. 12 నెలల బిల్లులు ముందు పెట్టుకుని తేల్చేది.

ఆగితే ఎంత పోతుంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఏడాది ఆగితే? పెట్టే డబ్బు ఆ ఏడాది బ్యాంకులో ఉంటే 7 శాతం వడ్డీ వస్తుందనుకుందాం. మూడో ఇంటికి 2 కిలోవాట్లతో మిగలాల్సింది రూ.18,315, వచ్చే వడ్డీ రూ.5,600. ఆగినందుకు నికరంగా పోయేది రూ.12,715. అంటే ఏడాదిలో 2 కిలోవాట్ల ధర 9 శాతానికి మించి తగ్గితేనే ఆగడం లాభం.

మొదటి ఇంటి సంగతి వేరు. మిగలాల్సింది రూ.3,654, రూ.45 వేలపై వడ్డీ రూ.3,150. ఆగితే పోయేది రూ.504 మాత్రమే. ధర కొంచెం తగ్గినా ఆగినవాడే గెలిచినట్టు. కాబట్టి 'ఆలస్యం అమృతం విషం' అని అందరికీ ఒకే మందు రాయలేం. ఎక్కువ వాడే ఇంటికి ఎదురుచూపు ఖరీదైనది, తక్కువ వాడే ఇంటికి దాదాపు ఉచితం.

ఒక్క షరతు మాత్రం అందరికీ వర్తిస్తుంది. పథకం ఇప్పటికైతే 2027 మార్చి వరకే. మొదటి ఇల్లు రూ.504 కోసం తొందరపడక్కర్లేదు, అలాగని గడువు దాటేదాకా కూర్చుంటే రూ.30 వేల రాయితీ చేజారే ప్రమాదం ఉంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత ఇక్కడ రూపాయల్లో కనిపిస్తుంది.

చేతిలో డబ్బు ఉండాలిగా!

లెక్క కుదిరినా ఇంకో అడ్డంకి ఉంది. రాయితీ ముందుగా రాదు. బిగించి, నెట్ మీటర్ పెట్టి, డిస్కం తనిఖీ అయ్యాకే వినియోగదారు ఖాతాలో పడుతుంది. అంతవరకు మొత్తం సొమ్ము ఇంటివాళ్లే సర్దుకోవాలి, లేదా అప్పు తీసుకోవాలి. మిర్చి, పత్తి మీద బతికే ఇంట్లో డబ్బు నెల జీతంలా రాదు. పంట అమ్మినప్పుడే కనిపిస్తుంది. 2024-25 సీజన్‌లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాల్‌కు రూ.11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది డాబా మీదికి లక్షన్నర ఎక్కించమంటే ఏ రైతైనా వెనకాడతాడు. అది అజ్ఞానం కాదు, జాగ్రత్త.

ఇలాంటివాళ్ల కోసం బ్యాంకులు 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేని రుణం ఇస్తున్నాయి. వడ్డీ రెపో రేటుతో ముడిపడి ఉంటుంది. పథకం మొదలైనప్పుడు సుమారు 7 శాతం. 2 కిలోవాట్లకు రూ.14 వేలు చేతి నుంచి పెట్టి, రాయితీని అప్పులో జమ చేశాక రూ.66 వేలు మిగిలిందనుకోండి. 7 శాతం మీద 5 ఏళ్లకు నెల వాయిదా సుమారు రూ.1,307. మూడో ఇంటికి మిగిలే రూ.1,526తో అది తీరిపోతుంది. రెండో ఇంటికి మిగిలేది రూ.867 కాబట్టి 5 ఏళ్ల వాయిదా భారం. 10 ఏళ్లకు పెట్టుకుంటే వాయిదా రూ.766కు దిగి సరిపోతుంది. మొదటి ఇంటికి అప్పు చేసి సోలార్ పెట్టమని సలహా ఇవ్వకండి.

దరఖాస్తు ఎక్కడ ఆగుతుంది?

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలు విజయవాడ కేంద్రంగా ఉన్న ఏపీసీపీడీసీఎల్ పరిధిలోకి వస్తాయి. జాతీయ పోర్టల్‌లో సర్వీసు నంబరుతో నమోదు చేసుకుని, గుర్తింపు ఉన్న వెండర్‌ను ఎంచుకోవాలి. 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను కేంద్రం సవరించింది. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక సాధ్యత అధ్యయనం అక్కర్లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టే లెక్క. 5 కిలోవాట్ల వరకు లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కందే. బిగించాక కమిషన్ చేసే గడువును 30 రోజుల నుంచి 15 రోజులకు కుదించారు.

కాగితం మీద ఇంత తేలికైతే ఎదురుచూపు ఎందుకు? చాలాసార్లు చిక్కు చిన్న విషయాల్లో ఉంటుంది. సర్వీసు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటుంది, దరఖాస్తు నాన్నగారి పేరు మీద పెడతారు. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, బ్యాంకు ఖాతాలో మరోటి. మంజూరైన లోడు 1 కిలోవాట్, అడిగేది 3 కిలోవాట్లు. ఫొటోలు సరిగ్గా ఎక్కించరు. ఒక్కో తప్పుకు కొన్ని వారాలు పోతాయి. వీటిని దరఖాస్తు పెట్టకముందే సరిచేసే మనిషి ఊళ్లో ఒక్కరుంటే ఎన్ని ఇళ్ల ఎదురుచూపు తగ్గుతుందో ఆలోచించండి.

చెప్పాల్సిన నిజాలు

సోలార్ గురించి ఇంట్లో అడిగితే ఈ నాలుగు విషయాలు తప్పక చెప్పండి.

- కరెంటు పోతే మామూలు గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగేలా తయారుచేస్తారు. కోతల్లోనూ కావాలంటే బ్యాటరీ ఉండాలి, దానికి ఖర్చు వేరు.
- ఎండ మండితే కరెంటు ఎక్కువ వస్తుందనుకోవద్దు. ప్యానెల్‌కు వెలుతురు కావాలి, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.35 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. రెంటచింతల లాంటి చోట వేసవి మధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలకు చేరితే 12-14 శాతం కోత పడినట్టే.
- దుమ్ము పెద్ద శత్రువు. కల్లాల దగ్గర, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఇళ్లపై తరచూ కడగాలి. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే కడగాలి.
- కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. ఒడియాలు, మిరపకాయలు ఎండబెట్టే డాబాలో ఎంత భాగం పోతుందో అమ్మను, నాయనమ్మను ముందే అడగండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. కాబట్టి ప్యానెళ్లను నిలబెట్టే ఇనుప చట్రం, బోల్టుల దగ్గర పొదుపు వద్దు.

మరి ఉద్యోగాలు?

ఈ పథకంతో తయారీ, రవాణా, అమ్మకాలు, బిగింపు, నిర్వహణల్లో కలిపి సుమారు 17 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు వస్తాయని కేంద్రం అంచనా వేసింది. రాష్ట్రం 2024లో తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకుంది. అంకెలు పెద్దవే. ఆ అంకెలో మీ చోటు ఏదో తేల్చుకోవాల్సింది మీరే.

ఐటీఐ ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ చేసినవాళ్లకు బిగింపు, నిర్వహణ పనులు దగ్గర. జాతీయ సౌరశక్తి సంస్థ 2015లో మొదలుపెట్టిన సూర్యమిత్ర శిక్షణ, స్కిల్ కౌన్సిల్ ఫర్ గ్రీన్ జాబ్స్ సర్టిఫికెట్లు ఇక్కడ విలువైనవి. కొత్త బ్యాచ్‌ల సమాచారం కోసం రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ప్రకటనలు చూస్తుండండి. ఒక హెచ్చరిక: 3 కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు వరుసగా కలిపితే దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది. ఎండ ఉన్నంతసేపు దాన్ని స్విచ్‌తో 'చంపలేం'. హెల్మెట్, నడుముకు సేఫ్టీ బెల్టు, గ్లోవ్స్ ఇవ్వని చోట పని ఒప్పుకోకండి.

డిప్లొమా, బీటెక్ వాళ్లకు సైట్ సర్వే, నీడ లెక్క, డిజైన్ పనులు ఉంటాయి. ఆటోక్యాడ్, పీవీసిస్ట్ వచ్చి ఉంటే మంచిది. బీకాం, బీఎస్సీ, బీఏ వాళ్లు మాకేముందిలే అనుకోవద్దు. కస్టమర్‌కు లెక్క చెప్పడం, పోర్టల్ పని, బ్యాంకు రుణ పత్రాలు, డిస్కం దగ్గర ఫాలోఅప్: పైన చెప్పిన ఎదురుచూపు అంతా ఈ పనుల్లోనే ఇరుక్కుంది. 'డబ్బు కడితే సోలార్ ఉద్యోగం గ్యారంటీ' అన్న ప్రకటనలకు మాత్రం దూరంగా ఉండండి.

రాయితీ అయిపోతే?

ఇది ఎవరూ అడగని, మీరు తప్పక అడగాల్సిన ప్రశ్న. రాయితీ మీద నడిచే పని రాయితీతో పాటే తగ్గొచ్చు. కాబట్టి పథకం తర్వాత కూడా నిలిచే పని నేర్చుకోండి. అలాంటివి మన దగ్గరే ఉన్నాయి. గుంటూరు చుట్టూ మిర్చి శీతల గిడ్డంగులు, చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లులు, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లు. గృహ రాయితీ వీటికి వర్తించదు. కరెంటు ఖర్చు తగ్గుతుందనుకుంటేనే పెట్టుకుంటాయి. శీతల గిడ్డంగిలో సరుకు ఉన్న నెలలన్నీ కంప్రెసర్లు తిరుగుతాయి కాబట్టి ప్యానెల్ కరెంటు అక్కడికక్కడే ఖర్చవుతుంది. జిన్నింగ్ మిల్లు పత్తి సీజన్‌లోనే నడుస్తుంది, ప్యానెల్ మాత్రం ఏడాదంతా ఉత్పత్తి చేస్తుంది. మిగిలిన నెలల కరెంటు ఏం చేయాలన్నది వేరే లెక్క. ఈ తేడా వివరించగలిగినవాడికి కంపెనీలో విలువ ఉంటుంది.

ఇక నిర్వహణ. ప్యానెళ్లకు 25 ఏళ్ల పనితీరు హామీ ఇస్తారు. పథకం కింద వెండర్ నిర్వహణ బాధ్యత 5 ఏళ్లు. ఆ తర్వాత 20 ఏళ్లు ఇన్వర్టర్ మార్చేది, వదులైన వైరు బిగించేది ఎవరు? ఇవాళ బిగించిన ప్రతి డాబా ఐదేళ్ల తర్వాత ఒక మెకానిక్ కోసం చూస్తుంది. ఆస్ట్రేలియాలో ఇప్పటికే దాదాపు ప్రతి మూడు ఇళ్లలో ఒకదానిపై సోలార్ ఉంది. అక్కడ ప్రభుత్వం 2025 జులై నుంచి ఇళ్లలో బ్యాటరీలకు రాయితీ ఇస్తోంది. పని ప్యానెల్ దగ్గర ఆగలేదు, బ్యాటరీకి మారిందంతే.

పరీక్షలో అడిగితే

మెయిన్స్‌లోనో, ఇంటర్వ్యూలోనో ఈ అంశం వస్తే పథకం తేదీలు చెప్పి ఊరుకోవద్దు. దేశ సౌర విద్యుత్ సామర్థ్యం 2025 జనవరిలో 100 గిగావాట్లు దాటింది. 2030 నాటికి శిలాజేతర సామర్థ్యం 500 గిగావాట్లు లక్ష్యం. ఇది ఒక వైపు. రెండో వైపు కూడా చెప్పండి. రూ.8.75 కట్టే వినియోగదారులు సోలార్‌కు మారితే, రూ.1.90కి కరెంటు ఇచ్చే డిస్కం ఆ లోటును ఎక్కడి నుంచి పూడ్చుకోవాలి? ప్యానెల్ పగలు ఇస్తుంది, ఇంట్లో వాడకం సాయంత్రం పెరుగుతుంది. ఆ సాయంత్రపు కరెంటు ఎక్కడి నుంచి రావాలి? ఎక్కువ వాడే ఇంటికి త్వరగా, తక్కువ వాడే ఇంటికి ఆలస్యంగా లాభం వచ్చే పథకంలో పేద ఇంటికి న్యాయం ఎలా? రాష్ట్రం ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలకు ఇచ్చే సాయం ఈ ప్రశ్నకు ఒక జవాబు. రెండు వైపులా చెప్పినవారి జవాబే బోర్డు సభ్యులకు గుర్తుంటుంది.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంటి 12 నెలల బిల్లులు తీసి, తాజా రేట్లతో 1, 2, 3 కిలోవాట్లకు విడివిడిగా లెక్క వేయండి. ఆగితే ఎంత పోతుందో కూడా కాగితం మీద పెట్టండి. తర్వాత మీ వీధిలో ఇంకో నాలుగిళ్లకు ఇదే లెక్క వేసి ఇవ్వండి. ఒకరికి పెట్టుకోమని, ఇంకొకరికి ఆగమని మీరే చెప్పాల్సి వస్తుంది. సోలార్ కంపెనీ ఇంటర్వ్యూలో 'మీకు అనుభవం ఉందా?' అని అడిగితే ఆ ఐదు కాగితాలు బల్ల మీద పెట్టండి.